అల్ హాజ్ మాలిక్ షబాజ్ అడిగిన లైసెన్సు

మాల్కం ఎక్స్ పేరు వినగానే మన ఇళ్లలో చాలామందికి గుర్తుకొచ్చేది ఆయన హజ్ యాత్ర. రంగు, జాతి తేడా లేకుండా లక్షలాది మంది ఒకే తీరు వస్త్రాల్లో, ఒకే వరుసలో నిలబడిన దృశ్యం చూసి ఆ అమెరికన్ నల్లజాతి నాయకుడి మనసు మారిన వైనం మన మస్జిదుల్లో, మదర్సాల్లో ఎన్నోసార్లు చెప్పుకున్నదే. దాన్ని ఈ వారం మళ్లీ విస్తరించి చెప్పడం మా ఉద్దేశం కాదు. ఆయన జీవితంలో అంతగా ఎవరూ చెప్పని భాగం ఒకటుంది. అది తుపాకీకి సంబంధించినది.

అమెరికాలో ఏ బడిలోనో బజారులోనో కాల్పులు జరిగాయన్న వార్త వచ్చినప్పుడల్లా, పిల్లల్ని అక్కడికి పంపిన తెలుగు తల్లిదండ్రులు ఉలిక్కిపడతారు. అన్ని తుపాకులు జనం చేతుల్లో ఎందుకున్నాయి, ప్రభుత్వం ఎందుకు ఊరుకుంటుంది అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అయితే ఆ దేశంలో తుపాకీ ఉండాలా వద్దా అన్న ప్రశ్న ఏనాడూ ఒంటరిగా రాలేదు. ఎవరి చేతిలో ఉండవచ్చు, ఎవరి చేతిలో ఉండకూడదు అన్న ప్రశ్న దాని వెంట నీడలా నడుస్తూ వచ్చింది. మాల్కం ఎక్స్ కథలో ఆ నీడ స్పష్టంగా కనిపిస్తుంది.

ముందుగా కొంత పూర్వరంగం. ప్రజలకు ఆయుధాలు కలిగి ఉండే హక్కును గుర్తిస్తూ 1791లో అమెరికా రాజ్యాంగానికి రెండవ సవరణ చేర్చారు. అప్పటికి ఆ దేశంలోని నల్లవారిలో అత్యధికులు బానిసలు. 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి టానీ, నల్లవారిని పౌరులుగా ఒప్పుకుంటే వారు ఎక్కడికైనా ఆయుధాలు పట్టుకుని వెళ్లే హక్కు కూడా ఇవ్వవలసి వస్తుందని, దాన్నొక ప్రమాదంగా ఎత్తి చూపారు. అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం పోయిన 1865లోనే మిసిసిపీ రాష్ట్రం, స్థానిక అధికారుల లైసెన్సు లేకుండా విముక్త బానిసలెవరూ తుపాకీ ఉంచుకోరాదని చట్టం చేసింది. తెల్లవారికి ఆ షరతు లేదు. ఇది చదువుతుంటే మనకు లార్డ్ లిట్టన్ గుర్తుకు రాక మానడు. ఆయన హయాంలో 1878లో వచ్చిన ఆయుధాల చట్టం కింద హిందుస్తానీకి లైసెన్సు కావాలి, తెల్లదొరకు మినహాయింపు ఉండేది.

మాల్కం లిటిల్ 1925 మే 19న నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహా పట్టణంలో జన్మించారు. తండ్రి ఎర్ల్ లిటిల్ బాప్టిస్టు బోధకుడు. నల్లవారు తమ కాళ్లపై తాము నిలబడాలని పిలుపునిచ్చిన మార్కస్ గార్వే ఉద్యమంలో పనిచేసేవారు. తల్లి లూయిస్ గ్రెనడా దీవి నుంచి వచ్చిన చదువుకున్న స్త్రీ. మాల్కం కడుపులో ఉన్నప్పుడే ఒక రాత్రి కూ క్లక్స్ క్లాన్ ముఠా గుర్రాల మీద వచ్చి ఇంటిని చుట్టుముట్టి, తుపాకీ మడమలతో కిటికీల అద్దాలు పగలగొట్టి వెళ్లిందని ఆయన తన ఆత్మకథలో చెప్పుకున్నారు. ఆ సమయంలో తండ్రి ఊళ్లో లేరు.

తరువాత ఆ కుటుంబం మిషిగన్ రాష్ట్రంలోని లాన్సింగ్‌కు చేరింది. 1929లో ఒక రాత్రి ఆ ఇంటికి నిప్పు పెట్టారు. మాల్కం వయసు అప్పటికి నాలుగేళ్లు. నిప్పు పెట్టి పారిపోతున్న ఇద్దరు తెల్లవారి మీద తండ్రి పిస్తోలు పేల్చారు. ఇల్లు బూడిదైంది. ఇక ఆ తరువాత జరిగినది గమనించదగినది. పోలీసులు తండ్రిని పిలిపించి అడిగింది పిస్తోలుకు అనుమతి ఉందా అని. రెండేళ్ల క్రితమే, 1927లో, మిషిగన్ రాష్ట్రం పిస్తోలు కొనేవారికి లైసెన్సు తప్పనిసరి చేసింది. ఆ లైసెన్సు ఎర్ల్ లిటిల్‌కు ఇవ్వలేదు. పోలీసులు అదే పనిగా ఇంటికి వచ్చి సామాను చిందరవందర చేసి పిస్తోలు కోసం వెతికేవారు. ఏనాడూ దొరకలేదు. దాన్ని ఒక దిండులో పెట్టి కుట్టేశారు! కుందేళ్ల వేటకు వాడే రైఫిల్, షాట్‌గన్ మాత్రం అందరికీ కనబడేలా ఇంట్లోనే ఉండేవి. వాటిని ఎవరూ పట్టించుకోలేదు, ఆ ప్రాంతంలో వేట తుపాకీ లేని ఇల్లు అరుదు కాబట్టి.

నాలుగేళ్ల పిల్లవాడి మనసులో ఈ సంగతి నాటుకుపోయింది. ఇల్లు కాల్చినవారు దొరకలేదు. కాలిన ఇంటి యజమాని దగ్గర ఉన్న పిస్తోలు మాత్రం నేరమైంది. చట్టం చెడ్డదని మేము అనడం లేదు. పిస్తోళ్లకు లైసెన్సు ఉండాలనడం మంచి చట్టమే కావచ్చు. లైసెన్సు ఇచ్చే అధికారి కలం ఎవరి దరఖాస్తు దగ్గర ఆగిపోతుంది అన్నదే ఇక్కడి మాట.

1931లో ఎర్ల్ లిటిల్ లాన్సింగ్‌లో ట్రాము కింద పడి చనిపోయారు. అధికారులు ప్రమాదమన్నారు, కుటుంబం హత్య అని నమ్మింది. కరువు రోజుల్లో పిల్లల్ని సాకలేక, అధికారుల వేధింపులు భరించలేక తల్లి మనసు చెదిరి, ఆస్పత్రి పాలైంది. అక్కడ ఆమె సుమారు ఇరవైనాలుగేళ్లు గడిపింది. పిల్లలు చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. బడిలో ముందు వరుసలో ఉన్న మాల్కం తాను లాయరు కావాలనుకుంటున్నానంటే, నల్లవాడికి అది తగిన ఆశ కాదని, వడ్రంగం నేర్చుకోమని తెల్ల ఉపాధ్యాయుడు సలహా ఇచ్చాడు. మేము కూడా పిల్లలకు చదువు చెప్పుకునేవాళ్లమే గనుక ఈ ఘట్టం దగ్గర మనసు ఎప్పుడూ బరువెక్కుతుంది. ఒక గురువు నోటి మాట ఒక తెలివైన పిల్లవాణ్ణి వీధిలోకి నెట్టింది.

బోస్టన్, హార్లెం వీధుల్లో ఆయన జూదం, మత్తుమందులు, దొంగతనాల్లో మునిగిపోయారు. ఒంటి మీద పిస్తోలు లేకుండా తిరగని రోజులవి. 1946 జనవరిలో, దొంగిలించిన గడియారాన్ని మరమ్మతుకు ఇచ్చిన దుకాణంలో పోలీసులు కాపు కాసి పట్టుకున్నారు. ఆ క్షణంలో ఆయన తుపాకీ తీయకుండా తనంతట తానే అప్పగించేశారు. చాటున మరికొందరు పోలీసులు తుపాకులు గురిపెట్టి ఉన్నారనీ, తన చెయ్యి ఒక్క అంగుళం అటు కదిలి ఉంటే అక్కడే ప్రాణం పోయేదనీ ఆయనకు తరువాత తెలిసింది. అల్లాహ్ తనను ఆ రోజు కాపాడాడని చివరివరకూ చెప్పుకునేవారు.

ఎనిమిది నుంచి పదేళ్ల శిక్ష పడింది. జైలులో నిఘంటువును మొదటి పేజీ నుంచి కాపీ చేసుకుంటూ చదువు నేర్చుకున్న కథ పాఠకులకు తెలిసినదే. అన్నదమ్ముల ఉత్తరాల ద్వారా నేషన్ ఆఫ్ ఇస్లాం సంస్థ గురించి తెలుసుకుని అందులో చేరారు. 1952లో విడుదలయ్యాక ఎలైజా ముహమ్మద్‌కు ముఖ్య అనుచరుడయ్యారు. బానిసల యజమానులు పెట్టిన ఇంటిపేరు వదిలేసి ఎక్స్ అనే అక్షరం పెట్టుకున్నారు. ఆ సంస్థ బోధనలు చాలావరకు ఇస్లాం మూల విశ్వాసాలకు విరుద్ధమని వేరే చెప్పనవసరం లేదు. ఎలైజాను దైవసందేశహరుడిగా చెప్పడం, తెల్లవారంతా పుట్టుకతోనే షైతానులనడం ఇస్లాం ఒప్పుకునేవి కావు. మాల్కం తరువాత వాటన్నిటి నుంచి బయటపడ్డారు.

అయితే ఒక విషయం గమనించాలి. ఆ సంస్థలో ఆయుధాలు పూర్తిగా నిషిద్ధం. సభ్యులు చిన్న కత్తి కూడా వెంట ఉంచుకోరాదు. సభకు వచ్చేవారిని తలుపు దగ్గరే సోదా చేసేవారు. పత్రికలు తుపాకీ మనిషిగా చిత్రించిన మాల్కం, పన్నెండేళ్లపాటు ఆయుధం ముట్టని క్రమశిక్షణలో బతికారు. 1957లో హార్లెంలో ఒక ముస్లింను పోలీసులు తల పగిలేలా కొట్టి నిర్బంధించినప్పుడు, ఆయన తన వారిని పోలీసు స్టేషన్ ముందు వరుసగా నిలబెట్టారు. చేతుల్లో కర్ర కూడా లేదు. గాయపడిన వ్యక్తిని ఆస్పత్రికి పంపేలా చేసి, చేతి సైగతో అందరినీ ఇళ్లకు పంపించివేశారు.

1962 ఏప్రిల్‌లో లాస్ ఏంజెలెస్ నగరంలో సంస్థ ఆలయం దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. రొనాల్డ్ స్టోక్స్ అనే కార్యదర్శి చనిపోయాడు. మరికొందరు గాయపడ్డారు. వారిలో ఎవరి చేతిలోనూ తుపాకీ లేదు. విచారణ జరిపిన జ్యూరీ ఆ కాల్పులు సమర్థనీయమేనని తేల్చింది. మాల్కం మనసులో అక్కడ ఏదో విరిగింది. ఆయుధం లేకపోయినా చంపుతున్నారు, చంపినవాడికి శిక్ష లేదు.

దక్షిణాదిన అప్పటికే వేరొక ప్రయోగం జరుగుతోంది. నార్త్ కరోలినాలోని మన్రో పట్టణంలో రాబర్ట్ విలియమ్స్ అనే నల్లజాతి నాయకుడు 1950ల చివర ఒక రైఫిల్ క్లబ్బు పెట్టారు. దానికి నేషనల్ రైఫిల్ అసోసియేషన్ నుంచే గుర్తింపు పత్రం తెచ్చుకున్నారు. 1957లో కార్లలో దాడికి వచ్చిన క్లాన్ ముఠా, ఎదురు కాల్పులు రాగానే పారిపోయింది. విలియమ్స్‌ను మాల్కం హార్లెంలోని తన సభకు పిలిచి మాట్లాడించారు, చందాలు పోగుచేసి ఇచ్చారు.

ఈ రైఫిల్ అసోసియేషన్ గురించి రెండు మాటలు చెప్పాలి. 1871లో అంతర్యుద్ధంలో పనిచేసిన సైనికాధికారులు, సైనికులకు గురి సరిగా కుదరడం లేదన్న బాధతో దీన్ని స్థాపించారు. చాలా కాలం అది వేటగాళ్ల, గురికాండ్ర సంఘమే. దానితో అనుబంధం ఉన్న క్లబ్బులకు ప్రభుత్వమే తక్కువ ధరకు మిగులు రైఫిళ్లు అమ్మేది, తూటాలు సరఫరా చేసేది. 1930లలో వచ్చిన కొన్ని నియంత్రణ చట్టాలకు ఆ సంఘం సరేనన్నది కూడా. నేడు మనం వింటున్న తీరులో ప్రతి నియంత్రణనూ అడ్డుకునే రాజకీయ శక్తిగా అది మారింది 1977లో సిన్సినాటి నగరంలో జరిగిన వార్షిక సమావేశంలో పాత నాయకత్వాన్ని సభ్యులు పడగొట్టిన తరువాతే. అంటే మాల్కం కాలంలో తెల్లవాడికి రైఫిల్ క్లబ్బు అన్నది మన ఊళ్లో వ్యాయామశాల వంటి మామూలు విషయం.

1963 నవంబరు 22న అధ్యక్షుడు కెనడీ హత్య జరిగింది. హంతకుడు వాడిన ఇటలీ రైఫిల్‌ను, దుర్బీనుతో కలిపి సుమారు 20 డాలర్లకు, దొంగపేరుతో పోస్టులో తెప్పించుకున్నాడు. దాని ప్రకటన అచ్చయింది రైఫిల్ అసోసియేషన్ వారి పత్రికలోనే. పోస్టు ద్వారా పిస్తోళ్ల అమ్మకాన్ని కట్టడి చేయాలని కనెక్టికట్ సెనేటర్ థామస్ డాడ్ అప్పటికి మూడు నెలల ముందే బిల్లు పెట్టి ఉన్నారు. హత్య తరువాత దాన్ని రైఫిళ్లకూ విస్తరించారు. తుపాకీదారుల నుంచి నిరసన ఉత్తరాలు వెల్లువెత్తాయి. బిల్లు మూలపడింది. మాల్కం అయితే ఆ హత్యను అమెరికా తాను పెంచిన హింసకు తానే అనుభవించిన ఫలంగా వర్ణించారు. ఆ మాట మీద ఎలైజా ఆయన నోరు కట్టేశారు. అది సాకు మాత్రమే, గురుశిష్యుల మధ్య కలత లోలోపల అంతకుముందే మొదలైంది. 1964 మార్చి 8న మాల్కం సంస్థను వదిలేశారు.

నాలుగు రోజుల తరువాత న్యూయార్క్‌లో విలేఖరులను పిలిచి తన కొత్త మార్గం ప్రకటించారు. అందులో ఒక అంశం దేశాన్ని కుదిపేసింది. రైఫిల్, షాట్‌గన్ కలిగి ఉండటం చట్టసమ్మతమని, నల్లవారి ప్రాణాలను, ఆస్తులను ప్రభుత్వం కాపాడలేని చోట, కాపాడదలచని చోట వారు రైఫిల్ క్లబ్బులు పెట్టుకోవాలని ఆయన అన్నారు. ఏప్రిల్‌లో క్లీవ్‌లాండ్ చర్చిలో చేసిన, ఓటా తూటా అన్న పేరుతో ప్రసిద్ధి చెందిన ప్రసంగంలో రాజ్యాంగ రెండవ సవరణను నేరుగా పేర్కొన్నారు. దళాలు కట్టి తెల్లవారి మీదికి పొమ్మనడం తన ఉద్దేశం కాదని, అది చట్టవిరుద్ధమని కూడా అక్కడే స్పష్టం చేశారు. ప్రభుత్వం తన పని తాను చేస్తే ఈ మాట ఎత్తే అవసరమే లేదన్నది ఆయన వాదన సారాంశం.

ఆ మాటలు ఏ రోజుల్లో అన్నారో గుర్తుంచుకోవాలి. అంతకు కొద్ది నెలల ముందే, 1963 జూన్‌లో, మిసిసిపీలో మెడ్గర్ ఎవర్స్ అనే నాయకుణ్ణి ఇంటి వాకిట్లో రైఫిల్‌తో కాల్చి చంపారు. సెప్టెంబరులో బర్మింగ్‌హాం చర్చిలో బాంబు పేలి నలుగురు బాలికలు చనిపోయారు. పౌరహక్కుల బిల్లును సెనేట్‌లో దక్షిణాది సభ్యులు రోజుల తరబడి మాట్లాడుతూ అడ్డుకుంటున్నారు. అదే 1964లో లూసియానా రాష్ట్రంలో, మాల్కంతో సంబంధం లేకుండానే, సైన్యంలో పనిచేసి వచ్చిన నల్లజాతివారు కొందరు డీకన్స్ ఫర్ డిఫెన్స్ అనే దళం కట్టి పౌరహక్కుల కార్యకర్తలకు రాత్రిపూట కాపలా కాశారు.

మార్టిన్ లూథర్ కింగ్ అహింస, మాల్కం తుపాకీ అని రెండు గీతలు గీసి చూపడం పుస్తకాలకు అలవాటైపోయింది. 1956లో మాంట్‌గొమరీలో తన ఇంటి మీద బాంబు పడిన తరువాత కింగ్ కూడా తుపాకీ వెంట ఉంచుకునేందుకు అనుమతి కోరుతూ దరఖాస్తు పెట్టారు. దాన్ని తిరస్కరించారు. ఆ తరువాతి కాలంలోనే ఆయన అహింసను సంపూర్ణంగా స్వీకరించారు. తుపాకీతో తనకు రక్షణ లేదని గ్రహించి స్వీకరించారన్నది మా అభిప్రాయం.

ఏప్రిల్‌లోనే మాల్కం హజ్‌కు వెళ్లారు. అల్ హాజ్ మాలిక్ అల్ షబాజ్‌గా తిరిగి వచ్చారు. రంగును బట్టి మనిషిని ద్వేషించడం మానేశానని బాహాటంగా చెప్పారు. ఆత్మరక్షణ గురించిన అభిప్రాయం మాత్రం మార్చుకోలేదు. జూన్‌లో స్థాపించిన ఆఫ్రో అమెరికన్ ఐక్యతా సంస్థ ప్రణాళికలోనూ ఆ హక్కును చేర్చారు. మరోపక్క పాత సంస్థ నుంచి ప్రాణభయం పెరిగింది. ఆ సెప్టెంబరులో ఎబొనీ పత్రికలో ఒక ఫోటో వచ్చింది. సూటు, టై కట్టుకున్న మాల్కం ఒక చేత్తో కిటికీ తెర తొలగించి బయటకు చూస్తుంటారు, రెండో చేతిలో కార్బైన్ తుపాకీ ఉంటుంది. ప్రపంచమంతా తిరిగిన ఫోటో అది. దాన్ని గోడలకు అంటించుకునే కుర్రవాళ్లకు అందులో తిరుగుబాటు కనిపిస్తుంది. మాకు మాత్రం లోపలి గదిలో పిల్లలు పడుకుని ఉండగా నిద్ర లేకుండా వీధి వైపు చూస్తున్న తండ్రి కనిపిస్తాడు.

1965 ఫిబ్రవరి 14 తెల్లవారుజామున ఆ ఇంటి మీద పెట్రోలు బాంబులు పడ్డాయి. గర్భవతిగా ఉన్న భార్య బెట్టీని, నలుగురు కూతుళ్లను పట్టుకుని ఆయన చలిలో వీధిలోకి పరుగెత్తారు. తన నాలుగో ఏట లాన్సింగ్‌లో చూసిన మంటలే మళ్లీ చూశారు. ఇంటిని తానే తగలబెట్టుకున్నాడేమోనన్న అనుమానం కూడా ఎదుర్కొన్నారు. ఇంట్లో రైఫిల్ ఉంచుకోవడానికి అడ్డు లేకపోయినా, పిస్తోలు వెంట పెట్టుకుని తిరగాలంటే న్యూయార్క్‌లో సలివాన్ చట్టం కింద లైసెన్సు కావాలి. 1911 నుంచి అమలులో ఉన్న చట్టం అది. ఆ లైసెన్సు కోసం పోలీసులను అడిగానని, జైలుకు వెళ్లివచ్చిన వాడిని గనుక ఇస్తారో ఇవ్వరో తెలియదని ఆయన ఆ వారంలోనే చెప్పారు. జవాబు వచ్చేదాకా ఆయుష్షు లేకపోయింది.

ఫిబ్రవరి 21 ఆదివారం మధ్యాహ్నం హార్లెంకు ఎగువన ఉన్న ఆడుబాన్ బాల్‌రూమ్‌లో సభ. నాలుగు వందల మంది వచ్చారు. లోపలికి వచ్చేవారిని సోదా చేయవద్దని ఆయనే ఆదేశించారు. సోదా చేస్తే జనం ఇబ్బంది పడతారని, తన వారి మధ్యనే తనకు భద్రత లేకపోతే ఇంకెక్కడుంటుందని ఆయన భావన. వేదిక ఎక్కి సలాం చేశారు. సభ జవాబిచ్చింది. అంతలో వెనుక వరుసల్లో ఏదో గొడవ. జనం అటు తిరిగారు. ముందుకు వచ్చిన ఒకడు కోసి పొట్టి చేసిన షాట్‌గన్ పేల్చాడు, మరో ఇద్దరు పిస్తోళ్లతో కాల్చారు. పొట్టి షాట్‌గన్‌ను కట్టడి చేయడానికే 1934లో జాతీయ చట్టం చేశారు. ఆ చట్టం వచ్చి ముప్పై ఏళ్లు దాటినా అది కోటు కింద దాగి సభలోకి రాగలిగింది. ఆయన వయసు 39 ఏళ్లు. ముందు వరుసలో కూర్చున్న బెట్టీ పిల్లలను తన ఒంటి కింద దాచుకున్నారు.

హంతకులుగా ముగ్గురికి శిక్ష పడింది. వారిలో ఇద్దరు నిర్దోషులని 2021 నవంబరులో న్యూయార్క్ కోర్టు ప్రకటించింది. అప్పటికి ఒకరు చనిపోయి పన్నెండేళ్లయింది. పోలీసులు, ఎఫ్.బి.ఐ. తమ దగ్గరున్న ఆధారాలను ఆనాడు దాచిపెట్టినట్లు బయటపడింది. ఫిబ్రవరి 27న తెల్లని కఫన్‌లో ఆయనను హార్ట్స్‌డేల్‌లో ఖననం చేశారు. తవ్వేవారు తెల్లవారు కావడంతో, ఆయన మిత్రులు పారలు అడిగి తీసుకుని తామే మట్టి వేశారు.

ఆయన మాటలు మాత్రం మట్టిలో కలవలేదు. 1966 అక్టోబరులో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో ఆయనను ఆదర్శంగా తీసుకున్న హ్యూయీ న్యూటన్, బాబీ సీల్ బ్లాక్ పాంథర్ పార్టీ పెట్టారు. ఆ రాష్ట్రంలో నిండు తుపాకీని బయటకు కనబడేలా పట్టుకుని తిరగడం అప్పట్లో చట్టసమ్మతమే. పాంథర్లు తుపాకులు భుజాన వేసుకుని, చట్టం పుస్తకం చేతబట్టుకుని, నల్లవారిని ఆపి ప్రశ్నించే పోలీసుల వెంట దూరంగా నిలబడి గమనించేవారు. 1967 ఫిబ్రవరిలో బెట్టీ షబాజ్ శాన్ ఫ్రాన్సిస్కో వచ్చినప్పుడు ఆమెకు రక్షణగా వెళ్లింది కూడా వారే. రిపబ్లికన్ సభ్యుడు డాన్ మల్ఫర్డ్ ఈ పద్ధతిని నిషేధిస్తూ బిల్లు తెచ్చాడు. మే 2న సుమారు ముప్పై మంది పాంథర్లు తుపాకులతో శాక్రమెంటోలోని శాసనసభలోకి నడిచి వెళ్లారు. దాంతో బిల్లు మరింత వేగంగా కదిలింది. జూలైలో గవర్నర్ రోనాల్డ్ రీగన్ సంతకం చేశారు. తరువాత అధ్యక్షుడై 1986లో తుపాకీ యజమానులకు అనుకూలమైన చట్టంపై సంతకం పెట్టిన రీగన్ ఈయనే! రైఫిల్ అసోసియేషన్ కూడా మల్ఫర్డ్ చట్టానికి అడ్డు నిలవలేదు.

1968లో కింగ్, రాబర్ట్ కెనడీ తుపాకీకి బలయ్యాక, డాడ్ అయిదేళ్లుగా మోస్తున్న ప్రయత్నం ఫలించింది. పోస్టులో తుపాకులు తెప్పించుకోవడాన్ని, నేరస్థులకు అమ్మడాన్ని నిషేధించే చట్టంపై అధ్యక్షుడు జాన్సన్ ఆ అక్టోబరు 22న సంతకం చేశారు. ఆ చట్టం వెనుక ఉన్నది హత్యల మీది దుఃఖమా, అప్పటి నగరాల అల్లర్లలో నల్లవారి చేతికి తుపాకులు వెళ్తాయన్న భయమా అని చరిత్రకారులు నేటికీ వాదించుకుంటున్నారు. రెండూ ఉన్నాయనే మాకు తోస్తుంది.

తరువాత కాలంలో గాలి మారింది. తుపాకీ హక్కులవారు మాల్కం ఫోటోను తమ వాదనకు వాడుకోవడం మొదలుపెట్టారు. 2010లో సుప్రీంకోర్టు పిస్తోలు హక్కును రాష్ట్రాలకూ వర్తింపజేసిన కేసులో కక్షిదారు షికాగోకు చెందిన ఓటిస్ మెక్‌డొనాల్డ్ అనే నల్లజాతి వృద్ధుడు. 2022 జూన్ 23న అదే కోర్టు, తగిన కారణం చూపితేనే పిస్తోలు వెంట తీసుకువెళ్లే లైసెన్సు ఇస్తామన్న న్యూయార్క్ నిబంధనను కొట్టివేసింది. మాల్కం లైసెన్సు అడిగిన చట్టం తాలూకు నిబంధనే అది. ఆ కేసులో నిరుపేదల తరఫున వాదించే నల్లజాతి న్యాయవాదులు కొందరు కోర్టుకు ఒక నివేదిక ఇచ్చారు. లైసెన్సు లేని తుపాకీ కేసుల్లో జైలుకు వెళ్తున్నది దాదాపు అంతా నల్లవారు, లాటినోలేనని వారి బాధ. దానికి ఎదురుగా, అవే వీధుల్లో కొడుకులను పోగొట్టుకున్న తల్లులు తుపాకులు తగ్గించమని ఊరేగింపులు తీస్తున్నారు. అమెరికాలో నల్లజాతి యువకుల మరణాలకు మొదటి కారణం హత్యే, అందులో అత్యధికం తుపాకీ హత్యలే. ఈ రెండు పక్షాలలో ఎవరిదీ అబద్ధం కాదు. మాల్కం బతికి ఉంటే ఏ పక్షాన నిలిచేవారో చెప్పగలమని ఎవరైనా అంటే మేము నమ్మము. కాలిన రెండు ఇళ్లనూ, ఎదురుగా పేలిన తుపాకులనూ చూసిన మనిషి ఆయన.

కోర్టు తీర్పు వచ్చిన వారం రోజులకే న్యూయార్క్ శాసనసభ కొత్త చట్టం చేసింది. లైసెన్సు ఉన్నా సరే తుపాకీ తీసుకురాకూడని స్థలాల పట్టిక అందులో చేర్చింది. బడులు, ఆస్పత్రులు, ప్రార్థనా స్థలాలు, నాటకశాలలతో పాటు జనం తమ హక్కుల కోసం గుమిగూడే సభలు కూడా ఆ పట్టికలో ఉన్నాయి. ఆడుబాన్ బాల్‌రూమ్ ఉన్న చోట ఇప్పుడు మాల్కం, బెట్టీ దంపతుల పేరిట స్మారక కేంద్రం ఉంది. ఆ కాల్పులు జరిగిన హాలులో కొంత భాగాన్ని అక్కడ అలాగే నిలిపి ఉంచారు.